ఐదుగురు అన్నదమ్ముల షేరు

కోయిలకుంట్లలో సగం మందికి షేర్ మార్కెట్టు నేర్పింది నేనే. పొద్దున్నే బస్టాండు ఎదుటి టీ అంగడి బెంచీ మీద పేపరు పరిచి కూర్చుంటే చుట్టూ జనం మూగేవారు. మాస్టర్లు వచ్చేవారు, ఎరువుల అంగళ్ల వాళ్లు వచ్చేవారు, ఒకసారి బ్యాంకు మేనేజరే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏది కొనాలి, ఏది అమ్మాలి, ఎప్పుడు కదలకుండా ఉండాలి అని నేను చెబుతుంటే గ్లాసుల్లో టీ చల్లారిపోయేది. నీ వల్ల నా బేరం పోతాంది, వేరే బెంచీ చూసుకో సామీ అని టీ అంగడాయన నాకు దండం పెట్టాడు.

అంతకుముందు నా పని బండలు. ఇళ్లలో నేల మీద పరిచే నల్ల నాపరాతి బండలు. నేనూ, నాకంటే కాస్త పెద్దవాడైన ఒక భాయీ కలిసి జమ్మలమడుగు రోడ్డులో అంగడి పెట్టి, తలలు నెరిసేదాకా నడిపాం. ఆయన రాయి కోసేవాడు, నేను మాట్లాడేవాణ్ణి. రెండూ కష్టమైన పనులే గానీ, ఆయన పనిలో దుమ్ము ఎక్కువ. టైల్సు వచ్చాక బండలు అడిగేవాళ్లు తగ్గారు. అదే సమయానికి మా మోకాళ్లలో సత్తువా తగ్గింది. కోత మిషను అమ్మేసి, అంగడి ఎత్తేసి, వచ్చింది చెరిసగం చేసుకున్నాం. పంచుకున్న రోజు కూడా మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

భాయి తన సగాన్ని హజ్ యాత్రకు అనుకున్నాడు. తానూ, వదినె, ఇద్దరూ పోవాలని. అందుకని దాన్ని బ్యాంకులో వడ్డీకి వేయనన్నాడు. వడ్డీ తమకు కూడదు, అందులోనూ ఆ యాత్రకు పోయే డబ్బులో వడ్డీ ఒక్క రూపాయి కలిసినా తన మనసు ఒప్పదు. ఇంట్లో ఇనప్పెట్టెలో దుప్పట్ల కింద పెట్టుకున్నాడు. రాత్రిళ్లు ఎలుక కదిలినా లేచి కూర్చుంటున్నాడని వదినె నా దగ్గర మొత్తుకుంది.

నేనప్పటికే నా సగంలో కొంత షేర్లలో పెట్టి ఉన్నాను. కడపలో ఒక బ్రోకరు ఆఫీసు ఉంది. బ్రోకరంటే మనకూ మార్కెట్టుకూ మధ్య నిలబడి కొనిపెట్టేవాడు, అమ్మిపెట్టేవాడు. అక్కడ డీమ్యాట్ ఖాతా తెరిచాను. బ్యాంకు ఖాతాలో డబ్బు ఉన్నట్టే ఆ ఖాతాలో షేర్లు ఉంటాయి. కాగితాలు దాచుకునే బాధ లేదు, చెదలు పడతాయన్న దిగులూ లేదు. ఇవన్నీ ఒక సాయంత్రం భాయి ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాను.

"ఇది వడ్డీనా?" అన్నాడు భాయి. మొదటి ప్రశ్నే అది.

"కాదు భాయి. పాలు. షేరంటే పాలు. కంపెనీలో మనకు ఒక పాలు."

"నష్టమొస్తే?"

"మనకూ నష్టమే."

ఆయన ముఖం వెలిగింది. "అట్లయితే సరేనప్పా. ఉత్త లాభమే ఇస్తామని ఎవడన్నా అంటే నాకు భయం. నష్టంలోనూ పాలంటాండారు గదా, అది వ్యాపారం."

అయినా ఊరుకోలేదు. తనకు తెలిసిన పెద్దమనిషిని అడిగి వచ్చాడు. సారా కంపెనీ వద్దు, వడ్డీకి తిప్పే కంపెనీ వద్దు, పదిమందికి పనికొచ్చే వస్తువు చేసేదైతే పెట్టుకో అన్నాడట ఆయన. అప్పుడు మేమిద్దరం ఒక మోటార్ల కంపెనీని ఎంచుకున్నాం. బోర్లలోకి దించే మోటార్లు. మా వైపు ఏ పొలంలో చూసినా వాళ్ల నీలం రంగు డబ్బా గోడకు వేలాడుతూ ఉంటుంది. నీళ్లు పడినా పడకపోయినా మోటారు కొనక తప్పదు కదా అని భాయి లెక్క. ఇద్దరం కడపకు పోయి, ఆయన పేరు మీద కూడా ఖాతా తెరిచి, ఆయన సగమంతా అందులోనే పెట్టించాను. ఆయనది మీటల ఫోను. ధర చూసే బాధ్యత నాది, నా ఫోనుది. నేనూ నా పాత షేర్లు అమ్మి అందులోకే మారాను కాబట్టి నాకేమైతే ఆయనకూ అదే.

ఇక పాఠాలు మొదలయ్యాయి.

"మార్కెట్టు పెరుగుతా పోతాంటే ఎద్దు అంటారు భాయి. తగ్గుతా పోతాంటే ఎలుగుబంటి."

"ఏ ఎద్దు? బండలాగే ఎద్దా, మడక దున్నే ఎద్దా?"

"పట్నం ఎద్దులే. కొమ్ములతో పైకి ఎత్తుతాది. ఎలుగుబంటి పంజాతో కిందికి కొడ్తాది."

"ఆ రెండిటి మధ్యలోకి మనం ఎందుకు పోతాండామప్పా?"

నేను గబుక్కున డివిడెండ్ దగ్గరికి దూకాను. కంపెనీకి మిగిలిన లాభంలో పాలుదార్లకు పంచేది డివిడెండ్. పంట పండితే పాలు, పండకుంటే లేదు, ఇంత ఇస్తామని ముందే మాట ఇవ్వరు. అది ఆయనకు వెంటనే పట్టుబడింది. మొదటిసారి వచ్చిన డివిడెండ్‌తో మా రెండు కుటుంబాలూ ఒక పూట బిరియానీ తిన్నాం.

ముఖ విలువ దగ్గర మాత్రం నేను తడబడ్డాను. పేపర్లో ఆ మాట చూసి, మార్కెట్టు ధర ఒకటుంటే మళ్లీ ఈ ముఖ విలువ ఏందప్పా అని అడిగాడు. "అదంత ముఖ్యం కాదులే భాయి" అన్నాను. నాకు తెలియదు అనే మాట నా నోటికి అంత సులభంగా రాదు. ఆ ఒక్క మాట ఆ రోజే ఎవరినైనా అడిగి ఉంటే, ఇప్పుడు నేను చెప్పబోయే కడప ప్రయాణం ఉండేదే కాదు.

అన్నట్టు, ముందు చెప్పినదాన్ని ఇక్కడ కాస్త సర్దుకోవాలి. సగం మంది అన్నాను. కూర్చుని తీరిగ్గా చూస్తే ఆ సగం మందీ భాయి ఒక్కడే. మాస్టరొకాయన వచ్చేది నిజమే, ఆయనకు కావాల్సింది పేపర్లో సినిమా పేజీ. బ్యాంకు మేనేజరు నా పక్కన కూర్చున్నదీ నిజమే, నంద్యాల బస్సు ఆ రోజు రాలేదు. చల్లారిన టీ నాది. దండం పెట్టిన మాట మాత్రం ఎవరినడిగినా చెబుతారు.

ఇలా ఉండగా ఒక రోజు పేపర్లో చిన్న వార్త పడింది. మా మోటార్ల కంపెనీ పేరే. కింద, 'షేర్ల విభజనకు బోర్డు ఆమోదం' అని. ఆ పక్కన ముఖ విలువ పది రూపాయల నుంచి రెండు రూపాయలకు అని ఏదో ఉంది. ముఖ విలువ ముఖ్యం కాదని నేనే చెప్పాను కాబట్టి అది వదిలేసి, విభజన అన్న మాట పట్టుకున్నాను.

మా వైపు విభజనంటే ఇంకో అర్థం ఉండదు. అన్నదమ్ములు వేరుపడటమే. నడిమింట్లో గోడ లేస్తుంది, బోరు మోటారుకు వంతులు పడతాయి, పెద్దలు నలుగురు కూర్చుని ఈ చెట్టు నీకు, ఆ గట్టు వానికి అని పంచుతారు. ఆ కంపెనీ యజమానులు అన్నదమ్ములై ఉంటారు, కోడళ్లకు పడి ఉండదు, వేరుపడుతున్నారు అనుకున్నాను. పాపం అనుకుని పేజీ తిప్పేశాను. ఎవరింట్లో లేదు?

కొన్నాళ్లకు హజ్ యాత్రకు లాటరీ తీసిన జాబితాలో భాయీ వదినెల పేర్లు వచ్చాయి. భాయి ఆ వార్త చెప్పడానికి మా ఇంటికి నడిచి రాలేదు, ఆటోలో వచ్చాడు. మోకాళ్ల నొప్పులున్నా ఆటోకు డబ్బు పెట్టని మనిషి. మొదటి విడత డబ్బు కట్టడానికి గడువు పెట్టారు. కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్లీ పేరు రావాలంటే ఎన్నేళ్లో, అప్పటికి ఎవరి కాళ్లు ఎట్లుంటాయో. సోమవారం షేర్లు అమ్మేద్దాం, ఆ వారంలోనే కట్టేద్దాం అనుకున్నాం.

సోమవారం పొద్దున మార్కెట్టు తెరిచే వేళకు ఫోను తీశాను. మా మోటార్ల కంపెనీ పక్కన ఎర్రటి అంకెలు. ధర ఐదో వంతు ఉంది.

కళ్లజోడు తుడుచుకున్నాను. ఫోను అద్దం పంచె కొంగుతో తుడిచాను. ఫోను ఆపి మళ్లీ వేశాను. ఎర్రగానే ఉంది. మార్కెట్టు పడటం నాకు కొత్త కాదు. పడితే అన్నీ కలిసి పడతాయి, మరుసటి వారం మెల్లగా లేస్తాయి. ఆ రోజు మిగతావన్నీ పచ్చగా ఉన్నాయి. మా కంపెనీ ఒక్కటే పడింది, అదీ కొలిచి కోసినట్టు సరిగ్గా ఐదో వంతుకు. అప్పుడు నాకు పేపర్లో వార్త గుర్తొచ్చింది. విభజన. అంటే అన్నదమ్ములు ఐదుగురు. కంపెనీని ఐదు భాగాలు చేసుకున్నారు. మన పాలు వాళ్లలో ఒకని కిందికి పోయింది. మిగతా నాలుగు పాళ్లు ఆ నలుగురూ ఎత్తుకుపోయారు.

ఇది కథ కోసం చెబుతున్నది కాదు. ఆ పొద్దున నేను నిజంగా నమ్మింది ఇదే.

భాయి ఇంటికి పోయాను. ఆయన మంచం మీద రెండు తెల్లటి గుడ్డలు పరుచుకుని కూర్చున్నాడు. యాత్రలో కట్టుకోవడానికి కుట్టు లేని గుడ్డలు, ప్రొద్దుటూరు నుంచి తెప్పించుకున్నాడు.

"పట్టి చూడప్పా ఎంత మెత్తగుండాదో" అన్నాడు. "ఎండకు శానా బాగుంటాదంట."

పట్టుకుని చూశాను. వదినె లోపలి నుంచి టీ తెచ్చింది. గ్లాసు అందుకుని తాగకుండానే కింద పెట్టాను. నా ముఖం చూసి భాయి గుడ్డలు మడిచి పక్కన పెట్టాడు.

"ఏమైనాది?"

"భాయి, కంపెనీ అన్నదమ్ములు వేరుపడినారు."

"ఎంతమంది?"

"ఐదుగురు."

"మన పాలు?"

"ఒకటే మిగిలినాది. మిగతా నాలుగూ పోయినాయి."

వదినె అక్కడే గోడకు చేరగిలబడింది. భాయి తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి చొక్కా వేసుకున్నాడు.

"పద, కడపకు పోదాం. పాలుదార్లకు ఒక మాట చెప్పకుండా భాగాలు ఎట్ల పంచుకుంటారు? మనం అంగడి పంచుకున్నప్పుడు రంపం పళ్లు కూడా లెక్కబెట్టి పంచుకోల్యా?"

ఆఫీసుకు ఫోను చేశాం. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఒక గొంతు చెప్పింది గానీ అన్నదమ్ముల తగాదాకు ఏది నొక్కాలో చెప్పలేదు. బస్సెక్కాం. జమ్మలమడుగులో మారి ఇంకో బస్సెక్కాం. గండికోట చూడటానికి పోయే పట్నం పిల్లలు అక్కడ గుంపుగా దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ల నవ్వులు వింటే నాకు ఒళ్లు మండింది. భాయి కిటికీ పక్కన కూర్చుని కడప దాకా ఒక్కటే మాట అన్నాడు. "తిరిగిపోయి ఆయమ్మకు ఏం చెప్పేదప్పా?" వదినె గురించి.

కడపలో ఆ ఆఫీసు మేడ మీద ఉంటుంది. మెట్లు ఎక్కి లోపలికి పోగానే నేను బల్ల మీద ఒక్క దెబ్బ చరిచాను. గాజు గ్లాసు ఎగిరింది. ఆఫీసంతా లేచి నిలబడింది. అక్కడ కూర్చునే ఆమె, ముప్పై ఐదేళ్లుంటాయేమో, మా ఖాతాలు తెరిచింది ఆమే, తలెత్తి చూసింది.

"మిగతా నాలుగు పాళ్లు ఎవరికి పోయినాయమ్మా?" అన్నాను.

"ఏ పాళ్లు పెద్దాయనా?"

"మోటార్ల కంపెనీవి. అన్నదమ్ములు ఐదుగురు వేరుపడినారు గదా. మాకు చెప్పల్యా, పెద్దమనుషులను కూర్చోబెట్టల్యా. ఈయనవి హజ్‌కు పోయే దుడ్లు. ఈ వారం కట్టాల."

"అన్నదమ్ములా? కంపెనీకి అన్నదమ్ములేంది?"

కంప్యూటరులో చూసింది. చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో, అంత నష్టమేమో అని నా గుండె ఇంకో మెట్టు దిగింది. ఆమె నవ్వుతోంది. భాయి ముఖం చూసి వెంటనే నవ్వు ఆపుకుని నీళ్లు తెప్పించింది.

"ముందు కూర్చోండి పెద్దాయనా. మీ లెక్క యాడికీ పోల్యా."

కడప వైపు డబ్బును లెక్క అంటారు. ఆ మాటంత తియ్యటి మాట నేను నా జన్మలో వినలేదు.

"విభజనంటే మీరనుకునేది కాదు" అంది. "ఒక్కో షేరుకు పుట్టినప్పుడు పెట్టుకునే విలువ ఒకటుంటాది, అది ముఖ విలువ. ఈ షేరుకు అది పది రూపాయలు. దాన్ని రెండు రూపాయలు చేసినారు. అంటే మీ దగ్గర ఒక షేరుంటే ఇప్పుడు ఐదు. ధర ఐదో వంతైనాది, షేర్లు ఐదింతలైనాయి. మొత్తం కలిపితే ఏమీ మారదు."

"ఫోన్లో ఐదింతలు కనబడల్యా గదమ్మా?"

"ధర ఈ పొద్దే మారినాది. పెరిగిన షేర్లు ఖాతాలోకి రావాలంటే ఒకటి రెండు రోజులు పడ్తాది. ఈలోగా ఫోనుకు తెలీదు, నష్టమని చూపిస్తాంది."

నేనింకా ఫోనులో ఎర్రటి అంకెలే చూస్తున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"మీదే ఊరు?"

"కోయిలకుంట్ల. కర్నూలు జిల్లా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నంద్యాల జిల్లా అంటాండారు."

"జిల్లాను విభజించినారు గదా. మీ ఇంట్లో ఒక గదేమన్నా తక్కువైనాదా?"

అప్పుడు నాకు చటుక్కున అర్థమైంది. భాయికి ఇంకా తెలియలేదేమోనని ఆయన చెయ్యి పట్టుకుని, మన భాషలోనే చెప్పాను. "పెద్ద బండను ఐదు ముక్కలు కోసినారు భాయి. రాయి అంతే ఉండాది. ముక్కలు ఎక్కువైనాయి."

భాయి రెండు చేతులూ ఎత్తి కళ్లు మూసుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి. తర్వాత అడిగాడు. "గడువుకు అందుతాదా తల్లీ?"

"అందుతాది. షేర్లు పడంగానే ఫోన్ చేస్తా. ఆ పొద్దే అమ్ముదాం, మర్నాడు లెక్క మీ బ్యాంకులో పడ్తాది" అంది. అనేసి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది. దగ్గర్లో అవసరమున్న డబ్బు షేర్లలో ఎవరైనా ఉంచుతారా? ఉంచినా మొత్తం ఒకే కంపెనీలోనా? రేపు నిజంగానే పడి ఉంటే? మేమిద్దరం బడిపిల్లల మాదిరి తలలు వంచుకుని విన్నాం. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు. ఇంకాసేపు తిడితే బాగుండునని కూడా అనిపించింది.

కిందికి దిగాక తెలిసింది, పొద్దున్నుంచి ఇద్దరం ఏమీ తినలేదని. ఎదురుగా ఉన్న హోటల్లో ఎర్రటి కారం పూసిన దోశలు తిన్నాం. కళ్లలో నీళ్లు వచ్చాయి. కారమే అని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకున్నాం. భాయి అక్కడి నుంచే వదినెకు ఫోను చేశాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు, ఆమె అవతల నుంచి అన్న ఒక్క మాట మాత్రం మీటల ఫోను దాటుకుని బయటికి వచ్చింది. "గుడ్డలు మళ్లీ బయటికి తీస్తాండా" అంది.

షేర్లు రెండో రోజే పడ్డాయి. ఆమె చెప్పినట్టే అమ్మించింది, డబ్బు గడువుకు ముందే కట్టాం. అన్నీ పోను లాభం ఎంతంటే, విమానంలో ఒక వరుస సీట్లు కొనేంత. సరే, రెండు సూట్‌కేసులు కొనేంత. వాటికి చక్రాలున్నాయి.

ఇద్దరూ సుఖంగా పోయి వచ్చారు. నాకు ఖర్జూరాలు తెచ్చారు. నేను నా డబ్బును అప్పటి నుంచి నాలుగైదు చోట్ల పెట్టుకుని, తెలియని మాట కనబడితే కడపకు ఫోను చేసి అడుగుతున్నాను. మొన్న ఇదంతా రాసి, భాయిని అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. చివరిదాకా ఖర్జూరం నములుతూ విన్నాడు. గింజ ఊసేసి అన్నాడు.

"అంతా అబద్ధాలేనప్పా. నువ్వు బల్ల చరిచింది ఎవరు చూసినారు? తలుపు కాడ నా వెనక నిలబడి నా చొక్కా పట్టుకున్నావు. అడిగింది నేను. బండను కోసినట్టు అనిందీ నేనే, నీకు అర్థం కాలేదని నీకు చెప్పినా. అది చెప్పినా నీకు తెలియల్యా. వచ్చేటప్పుడు జమ్మలమడుగు దాటినాంక బస్సులో నన్ను గోకి, 'అంతా బాగుండాది గానీ భాయి, మిగతా నలుగురు అన్నదమ్ములు ఊరుకుంటారా?' అని అడిగినావు. అది రాయి."